ఏడు సీసాలు ఆగిన చోటు

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపులో సాధన తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఉండేది మన్సూరాబాద్‌లో, మురుగునీళ్ల నాలా పక్కన కిరాయి ఇంట్లో. రెండేళ్లు వరసగా వానాకాలంలో నాలా పొంగి ఇంట్లోకి వచ్చింది. రెండోసారి, మంచం దిగలేని తల్లి ఎలీశమ్మను పక్కింటి మేడ మీదికి మోసుకుపోవాల్సి వచ్చింది. ఆ నీళ్ల నిండా ప్లాస్టిక్ సీసాలు, కవర్లే.

అవి ఎక్కడ అడ్డం పడుతున్నాయో తెలిస్తే చాలనుకుంది సాధన. దొంగలెత్తుకుపోయిన బండ్ల జాడ చెప్పే చిన్న ట్రాకర్లను ఖాళీ నీళ్ల సీసాల్లో పెట్టి, మూతలు బిగించింది. మొదటి రెండూ నీళ్లు దూరి పాడయ్యాయి. మూడోది బోర్లాపడి సిగ్నల్ ఇవ్వలేదు. తర్వాతి వాటికి అడుగున ఇసుక పోసి, నిటారుగా తేలేట్టు చేసింది.

నాలా శుభ్రం చేసే మట్టయ్య అది చూసి కోప్పడ్డాడు.

"మేం తీస్తుంటే నువ్వేస్తున్నవేంది బిడ్డా?"

"ఇవి ఏడికి పోతయో ఫోన్ల కనబడతది కాకా."

సంగతంతా విన్నాక, నీళ్లు ఎక్కడ జోరుగా పారుతాయో అతనే చూపించాడు.

ఏడు సీసాలు వదిలారు. ఏడూ ఒకే కల్వర్టు కిందికి పోయాయి. అవతల ఒక్కటీ తేలలేదు. అవి ఆగిన చోటును ఫోను మ్యాపులో గుర్తు పెట్టి, అది పట్టుకుని సాధన మున్సిపల్ ఆఫీసు చుట్టూ ఐదుసార్లు తిరిగింది. ఐదోసారి ఒకాయన చూసి, "మంచి పని చేసినవమ్మా" అన్నాడు.

ఆ తర్వాత మూడో రోజు పొద్దున, అడ్డం తీయడానికి కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. మిషన్ ఆ సందులో పట్టలేదు. మట్టయ్య నడుముకు తాడు కట్టి, మాస్కైనా లేకుండా దించారు. మ్యాపులో గుర్తు పెట్టిన చోటిదాకా పోయాడు. లోపలి విషగాలికి పడిపోయాడు. పైకి లాగేసరికి ప్రాణం లేదు.

దవాఖాన వరండాలో మట్టయ్య భార్య లచ్చమ్మ సాధనను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏడ అడ్డం పడ్డదో నువ్వే కనిపెట్టినవట గదా?"

"అవును చిన్నమ్మా."

"నిన్ననే చెప్పిండు. ఆ పిల్లకు మస్తు తెలివున్నదన్నడు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. తిట్టినా బాగుండేదనుకుంది సాధన.

పని అక్కడితో ఆపేశారు. ఆ నెలలోనే వాన పడి, నాలా మళ్లీ ఇంట్లోకి వచ్చింది. సాధన తల్లిని తీసుకుని వనస్థలిపురం మారింది. మొన్న ఎల్బీ నగర్ కాలనీ వాళ్లు షాపుకొచ్చి, తమ నాలాకూ అట్లాంటి సీసాలు చేసిమ్మని అడిగారు. తనకు చేతకాదని చెప్పి, తల వంచుకుని చేతిలో ఉన్న ఫోను విప్పసాగింది.