మా వీధి రాజ్యాంగం

నా చిన్నప్పుడు మా వీధికి ఒక రాజ్యాంగం ఉండేది. నీలం అట్ట వేసిన నోటుపుస్తకం అది. విశాఖపట్నానికి స్టీలు ఫ్యాక్టరీ ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని అందరూ చెప్పుకునే రోజులు. మా వీధిలో ఎక్కువమంది పోర్టు కళాసీలు, గుమాస్తాలు. అంతా కలిసి వేయించుకున్న కుళాయి ఒకటి వీధి మొదట్లో ఉండేది. కుళాయి వంతులు చూడ్డానికి సంఘం, సంఘానికి ప్రెసిడెంటు, ప్రెసిడెంటు చంకలో ఆ పుస్తకం. ఇంటికి ఎన్ని బిందెలు, కుళాయి కింద బట్టలు ఉతకరాదు, ఇవే అందులో ఉన్నవి. ఆయన మాత్రం దాన్ని ‘మన రాజ్యాంగం’ అనేవాడు.

మా పక్కింటి అక్క టెలిఫోన్ ఆపరేటరు. తండ్రి లేడు, తల్లీ తనూ ఉండేవారు. నాకు ఎక్కాలు నేర్పిందీ, స్కూలుకి జడలు వేసిందీ అక్కే. ఒక వేసవిలో అక్క, పాత ఊళ్ళో గడియారాలు బాగుచేసే ముస్లిం కుర్రాణ్ణి పెళ్ళాడతానని రిజిస్ట్రారు ఆఫీసులో కాగితం పెట్టింది. ఎవరి మతంలో వాళ్ళుండి పెళ్ళి చేసుకోవాలంటే నెల రోజులపాటు ఇద్దరి పేర్లూ అక్కడ గోడకి అంటిస్తారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవచ్చు. దొంగల ఫొటోలు అంటించినట్టే. మా ప్రెసిడెంటు ఏదో స్థలం పనిమీద వెళ్ళి ఆ కాగితం చూశాడు. చట్టం ప్రకారం ఆపడానికి ఆయనకి ఏ కారణమూ దొరకలేదు. అందుకని ఆ సాయంత్రమే వీధిలో మీటింగు పెట్టాడు.

వేరే మతంవాళ్ళతో సంబంధం కలుపుకున్న ఇంటికి కుళాయి నీళ్ళు బంద్ అని కొత్త రూలు చదివాడు. ఆ ఎండల్లో నీళ్ళు లేకపోతే తల్లీకూతుళ్ళు ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే. అది తెలియనివాళ్ళు అక్కడ ఎవరూ లేరు. అక్క వెనక గోడ దగ్గర నిలబడి ఉంది. ఆమెని ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆడవాళ్ళకి ఓటు లేదు, ఇంటికో మగవాడి చెయ్యి. ‘ఒప్పుకున్నోలు సెయ్యెత్తండి’ అన్నాడు ప్రెసిడెంటు. ముందు చాపమీద కూర్చున్న పిల్లలం ఆటగా చేతులెత్తేశాం. ‘సూసేరా, గుంటలే నయం’ అని ఆయన మా పిల్లలకేసి చూసి నవ్వాడు. ఆ నవ్వుతో పెద్దవాళ్ళ చేతులు ఒక్కొక్కటే లేచాయి. మా నాన్న చెయ్యి కూడా. ముందురోజే అక్క వాళ్ళింట్లో పరమాన్నం తిన్న చెయ్యి అది. కోపంగా ఎత్తినా కొంత బాగుండేది. పెళ్ళిలో ఇంకో గరిటె వెయ్యమన్నట్టు అందరూ హాయిగా ఎత్తారు.

మా మామ్మ ఇదంతా అరుగుమీంచి చూసింది. మర్నాడు పొద్దున్నే తాటి ముంజెలు కొని, నా ఈడు పిల్లలందరినీ అరుగుమీదకి పిలిచింది. మనమూ ఒక రూలు పెట్టుకుందామంది. ఈ గుంటకి ముంజెలివ్వకూడదు, దీంతో ఎవరూ ఆడకూడదు, ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి అని నావైపు చూపించింది. నేను పకపకా నవ్వాను. చేతులు మాత్రం లేచాయి. ముంజెలు తక్కువ, పిల్లలు ఎక్కువ మరి. నా ప్రాణ స్నేహితురాలు అటూ ఇటూ చూసి, నా మొహం తప్ప అందరి మొహాలూ చూసి, తనూ ఎత్తేసింది.

‘నానేటి సేసేను మామ్మా’ అని ఏడ్చాను.

‘నువ్వేటి సేసేవో ఆల్లకెందుకే? సెయ్యెత్తడానికి కట్టమేటి? నిన్న నీకేటైనా కట్టమయ్యిందా?’ అంది మామ్మ.

నాకు ఒక్క ముంజె కూడా ఇవ్వలేదు. అందరూ వెళ్ళిపోయాక నా చేతిలో చిన్న బిందె పెట్టి, తను పెద్దది తీసుకుని కుళాయికి బయల్దేరింది. గుమ్మంలో మా నాన్న అడ్డం నిలబడ్డాడు. సంఘం మాట కాదంటే రేపు మన నీళ్ళూ ఆపుతారన్నాడు. ‘సెయ్యి నీది, ఎత్తీసేవు. నా కాల్లు నీయి కావు కదరా, తప్పుకో’ అంది. తప్పుకున్నాడు.

కుళాయి దగ్గర ప్రెసిడెంటు ఆ నీళ్ళు ఎవరికని అడిగాడు. మా ఇంటికే అంది మామ్మ. మా బిందెలు మా గడప దాటి పక్క గడప ఎక్కుతుంటే వెనకనుంచి కేకేశాడు. మామ్మ ఆగి, తాపీగా వెనక్కి తిరిగింది. ‘మా ఇల్లు ఈ గడపదాకా ఉంది బాబూ. నీ పుస్తకంలో రాసుకో.’

అక్క తలుపు తీసింది. ఏమైనా అంటుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండును. నా బిందె అందుకుని, అందులోంచే గ్లాసుడు నీళ్ళు ముంచి, ఎండలో వచ్చావు, ముందు నువ్వు తాగమని ఇచ్చింది. నెల గడిచేదాకా మా వంతు నీళ్ళు రెండిళ్ళూ సర్దుకున్నాం. అక్క పెళ్ళయ్యాక వాళ్ళమ్మతో సహా పాత ఊరికి వెళ్ళిపోయింది. పుస్తకంలో రూలు అలాగే ఉండిపోయింది.

చాలా ఏళ్ళకి నా పెళ్ళికి అక్క వచ్చింది. గాజులు తెచ్చి, నా పక్కన కూర్చుని తనే తొడిగింది. అప్పుడు చెప్పాను, ఆ రోజు నేనూ చెయ్యెత్తానని. అక్క నా చెయ్యి నొక్కి గాజు ఎక్కిస్తూ తలెత్తకుండానే, ‘తెల్సమ్మా. అందరికన్నా ముందు లేసింది నీదే’ అంది.

ఇప్పుడు నాకు డెబ్బయ్యేళ్ళు దగ్గరపడుతున్నాయి. మొన్న మా అపార్టుమెంటు మీటింగులో, ఫలానావాళ్ళకి ఫ్లాట్లు అద్దెకివ్వకూడదని తీర్మానం పెట్టి చేతులెత్తమన్నారు. అవే చేతులు, అదే హాయి. నేను లేచి నిలబడి, వద్దన్నాను. నా కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకునే అన్నాను. దాన్ని నేను ఇప్పటికీ నమ్మను.