బండి మీద బ్రేక్‌ఫాస్ట్ అని రాసిన మా అమ్మాయి

బుజ్జమ్మా, నువ్వు పాఠాలు చెప్పిన బడివాళ్లు నీ గురించి వాళ్ల పుస్తకంలో నాలుగు మాటలు రాయమని అడిగారే. అడిగినవాళ్ల ముఖం వంక చాలాసేపు చూశాను. అయిదో క్లాసు దాకా చదివినదాన్ని, నేనేం రాస్తానని అడిగారు? జాలిపడి అడిగారా? ఈమధ్య నాకు అన్నిటి మీదా అనుమానమే.

పిల్లలూ, పెద్దలూ, మీ ఇంగ్లీషు టీచరు, మా బుజ్జమ్మ, వానలు మొదలైన వారంలో ఒక పొద్దున్న ఆసుపత్రిలో పోయింది. మాకు ఒక్కతే బిడ్డ. అన్ని రోజులూ నన్ను బెడ్డు నంబరు పెట్టి పిలిచిన నర్సు ఆ పొద్దున్న మాత్రం "అమ్మా" అని మెత్తగా పిలిచింది. ఇంకేం చెప్పకముందే నాకు తెలిసిపోయింది. అప్పటినుంచి ఎవరైనా మెత్తగా మాట్లాడితే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోతాను.

గోపాలపట్నంలో రోడ్డు పక్కన మాకు టిఫిన్ బండి ఉంది. మీలో చాలామంది తిన్నవాళ్లే. ఇడ్లీ, పూరీ, బొంబాయి చట్నీ. స్టీలు ప్లాంటు షిఫ్టుకి పోయేవాళ్లు బస్సు వచ్చేలోగా తినేసి పరిగెడతారు. మా ఆయన కూడా ప్లాంటులో కాంట్రాక్టు పనే. ఒకసారి బండికి కొత్త రంగు వేయించాం. రంగు ఆరాక మా అమ్మాయి తనే బ్రష్షు పట్టుకుని ఇంగ్లీషులో ఏదో రాసింది.

"ఏటే ఇది?" అన్నాను.

"బ్రెక్‌ఫస్ట్ అమ్మా."

"అందరూ బ్రేక్‌ఫాస్ట్ అంతారు కదే?"

"రాయడం అలాగే రాస్తారు. పలికేటప్పుడు బ్రెక్‌ఫస్ట్."

"ఒకలాగ రాసి ఇంకోలాగ పలికే మాటని నాను నమ్మను. చెరిపేసి టిఫినని రాయి. టిఫిన్‌కేటి రోగం?"

"టిఫిన్ కూడా ఇంగ్లీషోళ్లదేనమ్మా!"

అది విన్నాక నా బండి మీద నాకే అనుమానం వచ్చింది.

అప్పుడు మా అమ్మాయి చేతికంటిన రంగు తుడుచుకుంటూ, క్లాసులో మీకు చెప్పినట్టే నాకూ చెప్పింది. అది రెండు మాటలు కలిసిన మాట. బ్రేక్ అంటే విరవడం, ఫాస్ట్ అంటే ఉపవాసం. రాత్రంతా మనం ఏమీ తినం కదా, అదే ఉపవాసం. పొద్దున్న మొదటి ముద్దతో అది విరుగుతుంది. ఎప్పుడో వందల ఏళ్ల కిందట రెండు మాటలుగానే అనేవారట. అనగా అనగా అతుక్కుపోయాయట. ఇప్పుడు పొద్దుటి తిండికీ అదే మాట, తినడానికీ అదే మాట. "కలిసిపోయాక పలకడం మారిపోయిందమ్మా, పెళ్లయ్యాక ఇంటిపేరు మారినట్టు. రాతలో మాత్రం పుట్టింటి ఆనవాలు ఉండిపోయింది" అంది. ఏ మాటైనా ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఇక మర్చిపోమని అంటుండేది. మీతోనూ అనే ఉంటుంది.

మా ఆయన పూరీ తింటూ అంతా విన్నాడు. "ఫాస్టంటే బేగి కదేటే? బస్సెల్లిపోద్ది, బేగి తినేయండని రాసినావనుకున్నాను" అన్నాడు.

"ఆ ఫాస్టు వేరు నాన్నా, ఈ ఫాస్టు వేరు."

"అయితే రాత్రంతా గుర్రు పెట్టి పడుకున్న మీ నాన్న ఉపవాసమున్నట్టేటి? పెద్ద భక్తుడే!" అన్నాను. బండి చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వారు. బండి మీద రాత అలాగే ఉండిపోయింది.

మా అమ్మాయి రోజూ బండి చివర నిలబడి తిని బడికి వెళ్లేది. కూర్చోమంటే కూర్చోదు. ఇడ్లీ కంటే చట్నీ ఎక్కువ తినేది. తిన్న చెయ్యి నా కొంగుకే తుడిచేది. టీచరువి కదే, సిగ్గులేదేటే అంటే, బడిలోనే టీచరునమ్మా అనేది.

పోయిన శ్రమ దినాల్లో, అంటే ఈస్టరుకి ముందు మేం ప్రార్థనలు చేసుకునే రోజుల్లో, పొద్దున్న తినడం మానేసింది. ఉపవాసం పట్టానమ్మా అంది. మా మందిరంలో ఆ రోజుల్లో ఎవరైనా తినకపోతే ఒంట్లో ఎలా ఉందని ఎవరూ అడగరు. దేవుడి కోసమే అనుకుంటారు. అడగడం తప్పన్నట్టు చూస్తారు కూడా. మా అమ్మాయి చిక్కిపోతుంటే, ముఖంలో వెలుగు వచ్చిందన్నారు.

నాకు మాత్రం మొదటి వారంలోనే అనుమానం. ఉపవాసం ఉన్నవాళ్లని నేను ఎంతమందిని చూడలేదు! నేనూ ఉంటాను. సాయంత్రం అయ్యేసరికి కళ్లు తిండి మీదే ఉంటాయి. ఆమేన్ అనేటప్పుడు అందరి గొంతూ ఒక్కసారిగా పెరుగుతుంది. ప్రార్థన అయ్యాక ఉప్మా, అరటిపండు పెడతారు, ఎవరూ మాట్లాడకుండా తింటారు. మా అమ్మాయి ప్లేటు అందుకునేది, అందరితో కబుర్లు చెప్పేది, చివరికి పక్కనున్న ముసలమ్మ ప్లేటులోకి వంపేసేది. ఉపవాసం విడిచే మనిషి మొదటి ముద్ద పక్కవాళ్లకి పెడుతుందా?

అప్పటినుంచి కనిపెట్టుకుని ఉన్నాను. క్యారేజీ వాసన చూసేదాన్ని. ఇంట్లో కుక్క లేదు, అయినా గుమ్మం దగ్గర కుక్కలు తిరుగుతున్నాయేమిటని పెరడంతా చూసేదాన్ని. అడిగితే నవ్వేసేది.

"ఏటే, తిన్నావా?"

"తిన్నానమ్మా."

"ఏటి తిన్నావు?"

"పోలీసులా అడుగుతావేంటమ్మా!"

ఈస్టరు వచ్చింది. అందరూ కోడికూర తిన్నారు. మా అమ్మాయి ఉపవాసం పొడిగించానంది. పాస్టరమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, "ఎంత భక్తమ్మా మీ అమ్మాయికి! మీ కడుపు పండింది" అన్నారు.

"అమ్మగారూ, ప్రభువు తిరిగి లేచినాడు కదండీ, ఇంకా ఎవులి కోసమండీ ఈ ఉపవాసం?" అన్నాను. ఆవిడ నా చెయ్యి వదిలేశారు. నేను దేవుణ్ణి అనుమానించానని మందిరంలో చాలామందికి కోపం వచ్చింది. నేను అనుమానించింది నా బిడ్డని.

ఇంటికి వచ్చి తలుపేశాను. గ్లాసుడు రాగిజావ చేతిలో పెట్టాను. "నా ఎదర తాగు. తాగినాకే ఈ గడప దాటు" అన్నాను. ఒక గుక్క తాగింది. గుండెల మీద చెయ్యి వేసుకుని గోడకి చేరబడిపోయింది. కళ్లమ్మట నీళ్లు.

"దిగడం లేదమ్మా. చాలా రోజులైంది. ఇక్కడ ఆగిపోతంది."

"మరి సెప్పవేటే! నీ నోరేటైపోనాది?"

"టెన్త్ పిల్లల పరీక్షలమ్మా. అవి అయిపోనీ అనుకున్నాను. తర్వాత చెబుదామంటే భయమేసింది. ఉపవాసమంటే ఎవరూ అడగరు కదా."

టెన్త్ పరీక్ష రాసిన పిల్లలూ, మీకు చెప్తున్నాను, ఇందులో మీ తప్పు ఏమీ లేదు. అది భయపడింది. భయానికి ఒక మంచి పేరు పెట్టుకుంది, అంతే.

మర్నాడే ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆహారం దిగే గొట్టంలో క్యాన్సరు గడ్డ అన్నారు. ఇంకా ముందు వస్తే ఏమయ్యేదని మా ఆయన అడిగాడు. అప్పుడైనా పెద్ద తేడా ఉండేది కాదన్నాడు డాక్టరు; ఆ మాట నేను నమ్మలేదు, నమ్మకుండా ఉండనూ లేదు. ఇప్పుడు పరామర్శకి వచ్చినవాళ్లు, దేవుడికి ఇష్టమైన బిడ్డ కాబట్టి తీసుకుపోయాడంటారు. వాళ్ల ముఖం వంకే చూస్తాను.

ఆసుపత్రిలో ఒక్క పొద్దున్న సంగతి మాత్రం చెప్పాలి. గొంతు లోపల చిన్న గొట్టం వేసి దారి చేశారు. మెత్తటిది ఏదైనా పెట్టమన్నారు. మా బండి మీది ఇడ్లీనే పాలల్లో మెదిపి గిన్నెలో పట్టుకెళ్లాను. నన్ను అటు తిరగమంది. తిరిగాను. మళ్లీ ఇటు తిరిగేసరికి గిన్నె ఖాళీ.

నాకు నమ్మకం కలగలేదు. తలగడ ఎత్తి చూశాను. దుప్పటి దులిపాను. మంచం కింద వంగి చూశాను. పక్క మంచం ఆవిడ నవ్వుతోంది.

"నోరు తెరు" అన్నాను.

చిన్నపిల్లలా ఆ... అని తెరిచింది. నాలుక పైకెత్తింది, ఆ బుగ్గ ఈ బుగ్గ చూపించింది. లోపల మెతుకు లేదు. నిజంగానే తినేసింది. అలా నోరు తెరుచుకునే, కళ్లతో నన్ను చూసి నవ్వింది.

పిల్లలూ, పొద్దున్న బడికి వచ్చే ముందు కడుపునిండా తినండి.