కంప్యూటర్ భాయ్ గొంతు

సౌదీలో మేముండే ఖఫ్జీలో కంప్యూటర్లు బాగుచేసే భాయ్ పోయాడు. మధ్యాహ్నం భోంచేసి దుకాణం తెరిచాక ఛాతీలో నొప్పి అన్నాడట. పక్క షాపు బార్బర్ కారులో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. ఆ బార్బరే నాకు ఫోన్ చేసి చెప్పాడు. నేనప్పుడు కంపెనీ స్టోరులో వాల్వుల డబ్బాలు సర్దిస్తున్నాను. ఏం చేయాలో తోచక ఆ డబ్బాలన్నీ సర్దడం అయ్యాకే బయటికి వచ్చాను. ఇంట్లోవాళ్లు సరేనంటే ఇక్కడే ఖననం చేశారు. నేను ముస్లింను కాను కాబట్టి ఖబరస్తాన్ గేటు బయటే నిలబడ్డాను.

కొన్నాళ్లకు కడప నుంచి ఆయన భార్య ఫోన్ చేసింది. నన్ను ఎప్పుడూ చూడలేదు గానీ భాయ్ చెప్పగా విని ఉంది. ఏడవలేదు, మామూలుగానే మాట్లాడింది.

"అన్నా, ఫోటోలు శానా ఉండాయి. ఆయన గొంతు లేదు. యాడన్నా ఉంటే రోంత చూడన్నా."

ఈ కాలంలో గొంతు లేకపోవడమేమిటని మీకు అనిపించవచ్చు. భాయ్‌కి వాయిస్ మెసేజ్ అంటే ఒళ్లు మంట. ఎవరైనా పంపితే వినకుండానే తిరిగి ఫోన్ చేసేవాడు. "నేను ఒక మాట అంటే నువ్వు అడ్డం రావల్ల సామీ, అదీ మాట్లాడటమంటే" అనేవాడు. పైగా వీడియోలు తీసేది ఎప్పుడూ ఆయనే, కాబట్టి వాటిలో అందరూ ఉంటారు, ఆయన తప్ప; తీస్తున్నంతసేపూ నోరు కూడా విప్పేవాడు కాదు. ఫోన్ లాక్ ఎవరికీ తెలియదు. రోజూ ఇంటికి అంతసేపు మాట్లాడిన మనిషి ఒక్క ముక్క కూడా మిగల్చకుండా పోయాడు.

ఆయన దుకాణం గురించి చెప్పాలి. జగిత్యాల నుంచి వచ్చిన కొత్తలో నా లాప్‌టాప్ ఉరికే బదులు పాకడం మొదలుపెట్టింది. ఫార్మాట్ కొట్టి మళ్లీ విండోస్ వెయ్యమని ఇచ్చి, సాయంత్రం వస్తానన్నాను. వెళ్లనివ్వలేదు. తన పక్కనున్న స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్క ఫోల్డర్ తెరిచి "ఇది కావల్లా, వద్దా?" అని అడిగాడు. ఎవరొచ్చినా అంతే. "ఏమీ లేవు, కొట్టెయ్" అన్న మాటను ఆయన జీవితంలో నమ్మలేదు.

నమ్మకపోవడానికి కారణాలు మావాళ్లే. ఒకసారి మా టైమ్‌కీపర్ వచ్చి ధీమాగా చెప్పాడు.

"భాయ్, సీ డ్రైవ్‌ల నాదేం లేదు. అన్నీ డెస్క్‌టాప్ మీదనే పెట్టుకున్న."

"డెస్క్‌టాప్ యాడుండాది సామీ?"

"గిదేం మాట? ముంగట స్క్రీన్ మీదనే ఉన్నది గదా!"

"స్క్రీన్ మీద అగపడితే స్క్రీన్‌లో ఉన్నట్టా? అది గూడా సీ డ్రైవే. నీ మాట విని కొట్టేసుంటే నీ ఇకామా కార్డు కాపీ, నీ కూతురి ఫోటోలు అన్నీ గాలికి పోయుండేవి. గమ్మున స్టూలు మీద కూర్చో."

టైమ్‌కీపర్ కూర్చున్నాడు. ఇంజనీర్లూ కూర్చునేవాళ్లు, కాకపోతే కాస్త మొహం మాడ్చుకుని. విండోస్ ఎక్కుతున్నంతసేపూ చాయ్ తాగిస్తూ, మనం ఏం తింటున్నామో, ఇంటికి ఎప్పుడు పోతున్నామో విచారించేవాడు. నాకు ఇక్కడ పెద్దన్నలా ఉన్న మనిషి ఆయనే. ఆ మాట బతికుండగా అని ఉంటే "ఎక్కువ చేయబాక" అని కసిరేవాడు.

సరే, గొంతు. ముందు ఆయన సొంత లాప్‌టాప్ చూశాను. దుకాణం ఎవరి పేరు మీద ఉందో ఆ సౌదీ కఫీల్, మిగతా సామానుతో పాటు దాన్నీ నా చేతికిచ్చాడు. లోపల ప్రింటర్ డ్రైవర్లు, విండోస్ కాపీలు తప్ప ఏమీ లేవు. సెలవు మీద ఊరికి పోయే ముందు ప్రతిసారీ తన మిషన్ తనే ఫార్మాట్ కొట్టేవాడు. మమ్మల్ని అన్నీ దాచుకోమని సతాయించిన మనిషి తనకంటూ ఏమీ దాచుకోలేదు. నాకు కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కోపం ఎవరితో చెప్పుకుంటాం? బార్బర్ దగ్గర వెళ్లగక్కాను.

ఆ ముల్తాన్ పాకిస్తానీ కత్తెర ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "ఉస్కీ ఆవాజ్? వో తో మేరే లాప్‌టాప్ మే హై!"

భాయ్ గొంతు తన లాప్‌టాప్‌లోనే ఉందట. అప్పుడు వెలిగింది. కొత్తగా విండోస్ వేశాక భాయ్ స్పీకరు, మైకు పరీక్షించేవాడు. అందరిలా "హలో హలో" అని వదిలేయడు. రికార్డర్ నొక్కి, ఎదుటి మనిషి గురించి నోటికొచ్చింది మాట్లాడి, అది తిరిగి వినిపించి, తల ఊపి లాప్‌టాప్ మూసేవాడు. ఆ ఫైలు తీసేసేవాడు కాదు. మేమూ ఎప్పుడూ పట్టించుకోలేదు.

గదికి వెళ్లి నాది తెరిచాను. డాక్యుమెంట్స్‌లో ఒక మూల ఉంది.

"వినపడతాందా? ఈ జగిత్యాల సామి ఇప్పుడు బాగా తలకాయ ఊపుతాడు. ఇంటికి పోయి అడ్డమైన సాఫ్ట్‌వేర్లన్నీ ఎక్కించుకుని మళ్లీ నా దగ్గరికే వస్తాడు."

వెనకాల నా నవ్వు కూడా ఉంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత వెక్కి వెక్కి ఏడ్చాను.

తెలిసినవాళ్లందరినీ అడిగాను. కొందరు లాప్‌టాప్ అమ్మేసి ఊరికి పోయారు. కొందరు వేరేచోట మళ్లీ ఫార్మాట్ కొట్టించుకున్నారు, దాంతో అదీ పోయింది. అయినా కొన్ని దొరికాయి. కీబోర్డు నిండా ఖుబూస్ రొట్టె పొడి ఉందని ఒకరిని తిట్టినది, ఒక సౌదీ మాస్టారికి అంతా బాగుందని "తమామ్, తమామ్" అంటూ భరోసా ఇచ్చినది, బార్బర్‌ని ఉర్దూలో ఆటపట్టించినది. అన్నీ కడపకు పంపాను. ఏదో ఘనకార్యం చేసినట్టే అనిపించింది.

మర్నాడు ఆమె ఫోన్ చేసింది.

"ఆయనే అన్నా. పిల్లోళ్లు నవ్వుకున్యారు. కానీ ఇది దుకాణం గొంతు. ఇంట్లో ఇంత గట్టిగా మాట్లాడడు. ఇంట్లో గొంతు వేరే ఉండాది."

మనసు చివుక్కుమన్న మాట నిజమే. కానీ ఆమె అన్నదీ నిజమే. మాతో తెలుగులో దబాయించే ఆ మనిషి ఇంటి ఫోన్ వస్తే తలుపు బయటికి వెళ్లి, ఉర్దూలో, మాకు వినపడనంత మెల్లగా మాట్లాడేవాడు. ఆ గొంతు మాలో ఎవరి దగ్గరా ఉండే అవకాశం లేదు. ఇక దొరకదని ఆమెకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

అలా ఉండగా మా మెస్సులో వంట చేసే కుర్రాడు, నిర్మల్ నుంచి వచ్చినవాడు, సందేహిస్తూ వచ్చాడు.

"అన్నా, నా దాంట్ల గూడ ఉన్నది. గని అండ్ల భాయ్ నాతోటి మాట్లాడుడు తక్కువ, ఫోన్ల మాట్లాడుడే ఎక్కువ. అది పనికొస్తదా?"

విన్నాను. "వినపడతాందా?" అన్నాడో లేదో ఫోన్ మోగింది. "ఇంటినుంచి, రోంత ఉండు సామీ" అన్నాడు. రికార్డర్ ఆపలేదు. ఆ రోజెందుకో బయటికీ వెళ్లలేదు. ఉర్దూలో, ఎంతో మెల్లగా, అన్నం తిన్నారా అన్నాడు. ఆగాడు. చిన్నది ఏం చేస్తోంది అన్నాడు. ఆగాడు. నక్కో, లేపొద్దు, పడుకోనీ అన్నాడు. అవతలి మాటలు వినపడవు, ఆయన ఆగడమే వినపడుతుంది. పూర్తిగా వినకుండానే ఆపి, కడపకు పంపించాను.

చాలా రోజుల తర్వాత భాయ్ పెద్ద కూతురు ఫోన్ చేసింది.

"అంకుల్, అమ్మీ వంట చేసుకుంటా రోజూ అబ్బా గొంతే పెట్టుకుంటాది. అబ్బా ఆగినప్పుడల్లా తను జవాబు చెప్తాది. తిన్యాం అంటాది, పడుకుండాది అంటాది. అబ్బా మళ్ళా మొదలుపెట్టేలోపు చెప్పేస్తాది. యాడ ఎంతసేపు ఆగుతాడో అంతా వచ్చేసింది."

"మంచిదే కదమ్మా" అన్నాను.

"ఆఖర్లో అబ్బా 'రఖూఁ?' అంటాడు, ఫోన్ పెట్టేయనా అని. దానికి మాత్రం ఏం చెప్పదు అంకుల్. గరిటె పట్టుకుని అట్లనే నిలబడతాది."