వాతాల దర్జీ

బజారు మలుపులో మూడో దుకాణం అతనిది. బోర్డు మీద వేరే పేరేదో ఉంది గానీ, దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ అతను వాతాల దర్జీయే. మామూలు ఒంటికి చొక్కా కుట్టమంటే పక్క కొట్లో అడగమంటాడు. కాళ్ళూ చేతులూ మాట వినని వాళ్ళకే కుడతాడు. అదీ ఊరికే కాదు, వచ్చినవాళ్ళ ప్రాణం తోడేస్తాడు.

"మా మామయ్యకి కాలు పోయిందండీ," అంటే చాలు, కళ్ళజోడు పైకి తోసి మొదలుపెడతాడు.

"ఎక్కడికి పోయింది? తీసేశారా? చచ్చుబడిందా? పోలియోతో సన్నబడిందా? బిగుసుకుపోయి వంగనంటోందా? సరిగ్గా చూసి రండి. ఒక్కోదానికి ఒక్కో పంట్లాం."

కుంటి, అవిటి అనే మాటలంటే అతనికి ఒళ్ళుమంట. పోనీ అని ఎవరైనా మెత్తగా "దేవుడి బిడ్డండీ, పాపం" అన్నా అంతే మంట. "తిట్టులోనూ కొలత లేదు, జాలిలోనూ కొలత లేదు. నేను దేన్ని పట్టుకుని కోసేది?" అంటాడు. పక్షవాతమంటే ఒక పక్క పడిపోతుంది. తొడుక్కునేటప్పుడు పడిన చెయ్యే ముందు దూరాలి కాబట్టి ఆ పక్క చంక లోతుగా కోయాలి. నడుం కింద చచ్చుబడినవాళ్ళు రోజంతా చక్రాల కుర్చీలోనే ఉంటారు, కింద స్పర్శ ఉండదు. వాళ్ళకు వెనక జేబు కుట్టడమంటే చేతులారా పుండు కుట్టడమే. ముఖవాతమైతే మూతి ఒక పక్కకు లాగి చొంగ కారుతుంది, మార్చుకోవడానికి కాలర్లు రెండు ఉండాలి. ఇవన్నీ ఒక పొడుగాటి పుస్తకంలో, మనిషికో పేజీగా రాసుకుంటాడు. పై గీత మీద జబ్బు పేరు, కింద అంకెలు. జనం "కత్తెర డాక్టరు" అని ఎగతాళి చేస్తే బిరుదిచ్చారనుకుని మురిసిపోతాడు.

అలాంటి మనిషి సొంత అక్క దగ్గరకొచ్చేసరికి, ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు పడ్డాడు.

ఆ అక్క సామాన్యురాలు కాదు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది, కత్తెర పట్టడం నేర్పింది, తప్పు కోస్తే టేపుతోనే వీపు వాయించింది. ఐదు నెలల కిందట స్నానాల గదిలో పడిపోయింది. మాట దక్కింది, ఎడమ పక్క దక్కలేదు. ఎవరు అడిగినా తమ్ముడు "అక్కకి కాస్త నలతగా ఉందండీ" అనేవాడు. ఏ రకం నలత అని నిలదీసే బుద్ధి ఆ బజారులో అతనికి తప్ప ఇంకెవరికీ లేదు కాబట్టి బతికిపోయాడు.

అక్క దుకాణం వెనక గదిలోంచి కదల్లేదు. కర్ర పట్టుకుని నడవగలదు. కానీ మరదలు చెయ్యి దూర్చి తొడిగిన బట్టతో మాత్రం నలుగురిలోకి రానంది.

"నా బట్ట నేను వేసుకున్న రోజే గడప దాటతా. లేదంటే ఈ గదిలోనే పోతా," అని తేల్చేసింది. ఆడిన మాట మీద నిలబడే మనిషి. తమ్ముడి భయమంతా అదే.

మూడు గౌన్లు కుట్టాడు. మూడూ ముచ్చటగా ఉన్నాయి, మూడూ ఎక్కలేదు. ఎలా ఎక్కుతాయి? రెండు చంకలూ సమానం, వెనక జిప్పు, బిగుతు చేతులు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆవిడ ఎలా అడిగేదో అచ్చం అలాగే కుట్టాడు. నిన్న పనిలో చేరినవాడు కూడా చెయ్యని తప్పది. మూడో గౌనును ఆవిడ కుడిచేత్తో అతని మొహాన విసిరికొట్టింది.

"నీ పుస్తకం తీసుకురా. నా పేజీ తియ్యి."

తీశాడు. పై గీత ఖాళీగా ఉంది. కింద పదేళ్ళనాటి కొలతలే ఎక్కించి ఉన్నాయి.

"పైన ఏం రాయలేదేం?"

తమ్ముడు నీళ్ళు నమిలాడు. "అంటే... కొంచెం నలతే కదక్కా. తగ్గిపోతుంది."

"నలతకి చంక ఎంత లోతు కోస్తావురా?"

తమ్ముడు చెవి మీది పెన్ను తీసి చేత్తో పట్టుకున్నాడు.

"రాయి. పక్షవాతం. ఎడమ పక్క. చెయ్యి బిగుసుకోలేదు, వేలాడుతోంది. వేళ్ళకి గుండీ తగిలినా తెలీదు. రాశావా?"

పెన్ను కదల్లేదు. వందల మందికి రాసిన మాటే. తను రాస్తేనే అక్క నిజంగా పడిపోయినట్టనీ, రాయకపోతే రేపో మాపో లేచి తిరుగుతుందనీ అనుకున్నాడు, పిచ్చివాడు. యాభై రెండేళ్ళ మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఏడిస్తే ఏడువు గానీ పేజీ తడపకు," అంది అక్క. అంతలోనే కుడిచేత్తో తన ఎడమ చేతిని ఎత్తి పుస్తకం పక్కన పెట్టింది. "నువ్వు రాయకపోతే నేను ఇట్లాగే కూర్చోవాలిరా."

రాశాడు. ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుని, దాని బరువంతా తెలుస్తుండగా మళ్ళీ కొలిచాడు. ఈసారి ముందు తెరుచుకునే గౌను, లోతైన ఎడమ చంక, పెద్ద పెద్ద గుండీలు.

మర్నాడు పొద్దున అక్క తలుపు వేసుకుంది. లోపల ఒకసారి కర్ర పడ్డ చప్పుడు, రెండుసార్లు తిట్లు. తమ్ముడు ముప్పావుగంట సేపు తలుపు బయటే నిలబడ్డాడు. దుకాణంలో ఇద్దరు పిలుస్తున్నా పలకలేదు.

తలుపు తెరుచుకుంది. చెమట పట్టిన మొహం, చెదిరిన జుట్టు, ఒంటిమీద గౌను. పై గుండీ ఒక కాజా కిందికి పెట్టుకోవడంతో అన్నీ తప్పి, కాలరు ఒక పక్క చెవి దాకా లేచింది. వంకర గుండీని ముప్పై ఏళ్ళుగా చూసి ఊరుకోని తమ్ముడి చెయ్యి దానంతటదే ముందుకు లేచింది.

అక్క అతని వంక చూసింది. అతను చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కకు జరిగి దారి ఇచ్చాడు.