దేవదానం సార్ పెట్టిన నియమాలు

మొన్న మా వీధిలో కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన ఒక మిషన్ విప్పి నూనె చుక్కలు వేస్తుంటే, ఆ వాసనకు నేను నడక ఆపి నిలబడిపోయాను. గోదావరిఖనిలో మా దేవదానం సార్ టైపు ఇన్‌స్టిట్యూట్ తలుపు తీయగానే వచ్చే వాసన అదే. పొడవాటి ఇరుకు గది. ఒక గోడ వెంట తొమ్మిది టైపు మిషన్లు, ఎదుటి గోడ వెంట మూడు కంప్యూటర్లు. కిటికీ చువ్వల మీద ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ చేరే బొగ్గు దుమ్ము. ఆ దుమ్ములో సార్ తెల్లచొక్కా మాత్రం సాయంత్రం దాకా తెల్లగానే ఎలా ఉండేదో మాకెవరికీ అంతుపట్టేది కాదు.

ఆయన గని ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. చర్చిలో సంఘపెద్ద. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో టైపు నేర్చుకునేవాళ్లు తగ్గిపోయి, అందరూ కంప్యూటర్ అంటుంటే ఆయనా మూడు కొన్నారు. అమ్మినాయన అందరికీ ఇచ్చినట్టే సాఫ్ట్‌వేర్ కాపీ సీడీ ఒకటి చేతిలో పెట్టబోతే సార్ తీసుకోలేదు. “దొంగ సీడీ ఎక్కిచ్చి ఆదివారం ప్రార్థనకు ఏ మొఖం పెట్టుకొని పోవాలె?” అన్నారట. అలా, ఎవరైనా ఉచితంగా వాడుకోగల, లోపల విప్పి చూసి మార్చుకోగల లినక్స్ డెస్క్‌టాప్ మా ఇన్‌స్టిట్యూట్‌లోకి వచ్చింది.

డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నేను టైపు లోయర్ పరీక్ష కోసం చేరాను. వారం తిరగకుండానే ఎదుటి గోడ వైపు మారిపోయాను. ఆ డెస్క్‌టాప్‌లో పైథాన్ అనే స్క్రిప్టింగ్ భాష ఉండేది. నాలుగు వరసలు రాసి వెంటనే నడిపి చూసుకోవచ్చు. పుస్తకం చూసి చూసి మేం ఏడుగురం తలా ఒక ప్రోగ్రాం తయారుచేశాం. గర్వం ఇంతా అంతా కాదు. సార్ వరసగా అన్నీ తెరిచి చూశారు. ఒకటి ఒక మీటతో మూతపడింది, ఇంకోటి ఇంకో మీటతో. మాలో శ్రీలత రాసింది ఏం చేసినా మూతపడలేదు. చివరికి సార్ కరెంటు స్విచ్ ఆపేశారు.

“టైపు మిషన్ ఏ కంపెనీదన్న గానీ అక్షరాలు అదే జాగల ఉంటయి,” అన్నారు. “ఖనిల నేర్చుకున్నోడు మంచిర్యాలల కూసుండి కొడ్తడు. మీ ప్రోగ్రాంలకు గా పద్ధతి ఎందుకు లేదు?”

సరిగ్గా అప్పుడే ఆ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెస్తున్న హైదరాబాద్ బృందం నుంచి దాన్ని వాడేవాళ్లందరికీ ఒక మెయిల్ వచ్చింది. స్క్రిప్టు భాషల్లో రాసిన ప్రోగ్రాంలు తమకు కుప్పలుగా వస్తున్నాయనీ, ఒకదానికొకటి పొంతన ఉండడం లేదనీ, డెస్క్‌టాప్‌లో చేర్చాలంటే ఏ ప్రమాణాలు పెట్టాలో సలహా చెప్పమనీ అడిగారు. మంచివాటిని త్వరలో ఒక సీడీలో వేసి పంచుతారట. సార్ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. మూసే మీట అన్నిటికీ ఒకటే ఉండాలి. మెనూలు అదే వరసలో ఉండాలి. ప్రోగ్రాం తీసేస్తే వెనక చెత్త ఫైళ్లు మిగలకూడదు. తప్పు జరిగితే ఏం జరిగిందో, ఇప్పుడేం చేయాలో వాడేవాళ్ల భాషలో చెప్పాలి. చివర సార్ ఇంకోటి కలిపారు: రాసినవాళ్లు కాకుండా, ఆ ప్రోగ్రాం ఎన్నడూ చూడని మనిషి ఒకరు వాడి చూడాలి. అప్పుడు రాసినవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని, నోరు మూసుకుని వెనకాల నిలబడాలి.

తెలుగు టైపు నేర్పే నా ప్రోగ్రాం ఆ సీడీలోకి ఖాయం అనుకున్నాను. ఇంట్లో కూడా చెప్పేశాను. పంపాల్సిన గడువుకు ముందురోజు మా బాపు గనిలో మొదటి షిఫ్టు దిగి, నన్ను సైకిల్ మీద తీసుకుపోదామని వచ్చాడు. సార్ ఆయన్నే కూర్చోబెట్టారు.

“గీ వయసుల నాకెందుకు సార్ గివన్నీ?” అంటూనే బాపు కుర్చీ అంచున కూర్చున్నాడు. బొగ్గు గీతలు పోని వేలితో ఒక మీట నొక్కాడు. రెండో మీట నొక్కగానే తెర నిండా ఎర్రటి ఇంగ్లీషు వరసలు పరుచుకున్నాయి. నేను నోరు తెరవబోతే సార్ చూపుతోనే ఆపారు. బాపు గభాలున లేచి నిలబడ్డాడు. “నాతోని ఖరాబైంది సార్. తప్పైంది,” అన్నాడు.

“కూసో ఎల్లయ్యా, నువ్వేం ఖరాబు చెయ్యలే,” అని సార్ నావైపు తిరిగారు. “చూసినవా స్వరూపా? తప్పు నీ ప్రోగ్రాంది. సిగ్గుపడ్డది మీ బాపు.”

“రేపే పంపాలె సార్. మిగతాయన్నీ సరిగ్గనే ఉన్నయి గదా. హైదరాబాదోళ్లు గంత లోతుకు చూడరు.”

“నేను చూసిన గదా. రూల్ రాసిన చెయ్యి నీదే గదా బిడ్డా.”

ఆయన పంపనివ్వలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. సైకిల్ వెనక కూర్చుని దారి పొడవునా ఆయన్ను తిట్టుకుంటున్నాను. మార్కెట్ దాటాక బాపు వెనక్కి తిరగకుండానే మెల్లగా అడిగాడు: “నీ కంప్యూటర్‌కు ఏం కాలే గదా బిడ్డా?” అప్పటిదాకా ఆయన మనసులో అదే ఉంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

సీడీ నా ప్రోగ్రాం లేకుండానే వెళ్లింది. నేను మొదటి వరస నుంచీ తిరగరాశాను. పదిహేను రోజుల తర్వాత బాపు మళ్లీ కూర్చున్నాడు. తప్పు మీట నొక్కాడు. తెర మీద “ఈ అక్షరం కాదు. షిఫ్టు కూడా కలిపి నొక్కండి” అని వచ్చింది. కూడబలుక్కుని చదివి, “మళ్ల షిఫ్టా! పొద్దుగాల ఒక షిఫ్టు చేసే వచ్చిన గదా!” అన్నాడు. సార్ అంత పెద్దగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. బాపు తన పేరు తప్పు లేకుండా కొట్టి, లేచి మీసం సవరించుకున్నాడు.

రెండో సీడీలో నా ప్రోగ్రాం చేరింది. అంతకన్నా పెద్ద సంగతి, తప్పు జరిగితే ఏం చెప్పాలో మేం రాసిన నియమం కాస్త మార్పుతో ఆ డెస్క్‌టాప్ ప్రమాణాల పత్రంలో కనిపించింది. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో చదివే పత్రం. సార్ కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివారు. మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నాను. “గీడ రెండు మాటల నడుమ రెండు ఖాళీలు పడ్డయి. జల్ది మెయిల్ కొట్టు,” అన్నారు. కొట్టాను. వాళ్లు సరిదిద్ది, కృతజ్ఞతలు కూడా చెప్పారు.

తెలంగాణ వచ్చేనాటికి ఆ ఇన్‌స్టిట్యూట్ లేదు, సార్ కూడా లేరు. నేను హైదరాబాద్‌లో దవాఖానలకు ప్రోగ్రాంలు రాస్తున్నాను. భాషలు మారాయి, డెస్క్‌టాప్‌లు మారాయి. ఈ మధ్య కొత్తగా చేరిన ఒక నర్సు ఫోన్ చేసి, “నాకు ఇది చేతకావడం లేదు మేడం, ఏమనుకోకండి” అంది. ఏ తెర దగ్గర ఆగిందో అడిగి తెలుసుకున్నాను. మీది కాదమ్మా, నాది తప్పు అని చెప్పి, ఆ పూటే కూర్చుని సరిచేశాను.