నిమిషానికి అరవై రెండు

మైపాడులో చేపల పేరమ్మ నోటికి జడవని వాళ్ళు లేరు. బోటు ఒడ్డుకు రాగానే మగవాళ్ళ మధ్య నిలబడి వేలంపాట పాడుతుంది. గంప నెత్తికెత్తితే ఖాళీ చేసి గాని ఇల్లు చేరదు. పక్కవాళ్ళతో తగాదా పడుతూ కూడా చేపలు తప్పు లేకుండా లెక్కపెడుతుంది. అలాంటి మనిషి రెండేళ్ళుగా ఊళ్ళో పసిపిల్లల ఊపిర్లు లెక్కపెడుతోంది. జాలితో అనుకుంటే పొరపాటే. పగతో.

పగ గంగాధరం మీద. బస్సులు ఆగే చోట ఒక గది తీసుకుని, ఏ చదువూ లేకుండానే ఊరిచేత డాక్టరు అనిపించుకున్న ఘనుడు. ఏ జబ్బుకైనా ముందు సూది, తర్వాత ఎర్ర సిరప్పు. పేరమ్మ కూడా ఒకప్పుడు నోరారా "డాక్టరన్నా" అనేది. మంచి పండుగప్ప చేప దొరికితే ముందు ఆయన ఇంటికే పంపేది.

రెండేళ్ళ కిందట, తుఫాను వానలు వెలిసిన వారం, ఆమె కూతురు ఉష బిడ్డకు జలుబు చేసింది. ఎనిమిది నెలల పిల్ల, చిట్టి అని పిలుచుకునేవాళ్ళు. మూడు రోజులు గంగాధరం దగ్గరికి తిప్పారు. మూడు సూదులు పొడిచాడు. మూడో రోజు పిల్ల పాలు తాగడం మానేసి డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టింది.

"ఏంది డాక్టరన్నా, బిడ్డ ఇట్టా డొక్కలెగరేస్తా ఉండాది? నెల్లూరికి తీసకపోమంటావా?" అని అడిగింది పేరమ్మ.

"నా చేతి మీద నమ్మకం లేకపోతే పోండి. మళ్ళీ నా గడప తొక్కబాకండి. గాలి తగలనీకుండా తలుపులేసి సాంబ్రాణి వెయ్యి మే. రేపటికి తగ్గుద్ది," అన్నాడు.

ఆ ఊళ్ళో బిడ్డకు నీళ్ళు పోశాక సాంబ్రాణి వెయ్యని ఇల్లు లేదు. జలుబు చేస్తే ఇంకా ఎక్కువ వేస్తారు. పేరమ్మ సముద్రపు గాలి రాకుండా కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కి, పొగ రెండింతలు వేసింది. తెల్లవారి నెల్లూరు ఆసుపత్రికి చేరేసరికి చిట్టి పెదవులు నీలం తిరిగాయి. సాయంత్రానికి పోయింది.

"ఇది వైరస్ అమ్మా. ఆ సూదులు దీనికి పనిచెయ్యవు. ఆక్సిజన్ పెట్టి కాపాడుకోవాలి. నిన్న తెచ్చుంటే..." అని ఆగిపోయింది అక్కడి డాక్టరమ్మ.

నిన్న పొగ వేసింది తనే. ఇంటికి రాగానే పేరమ్మ సాంబ్రాణి మూకుడు నేలకేసి కొట్టింది. మిగిలిన కసంతా గంగాధరానికి దాచిపెట్టింది. అల్లుడు ముఖేష్ కత్తి తీస్తే ఆపింది.

"పొడిస్తే ఒక్క దినం నొప్పి. వాడు ఆ గదిలో ఈగలు తోలుకుంటా కూర్చోవాల. అది జూడాల నేను."

ఊరి నర్సమ్మ కరుణాకుమారి దగ్గర కూర్చుని ఊపిరి లెక్కపెట్టే పని నేర్చుకుంది. ఫోనులో నిమిషం పెట్టుకుని, బిడ్డ పొట్ట లేచిన ప్రతిసారీ ఒకటి. రెండు నెలల లోపు బిడ్డకు అరవై, ఏడాది లోపు యాభై, ఐదేళ్ళ లోపు నలభై. లెక్క అక్కడికి చేరినా, డొక్క లోపలికి పోతున్నా నెల్లూరికి ఆటో ఎక్కాల్సిందే. చేపలమ్మడానికి వెళ్ళిన ఇంట్లో పసిబిడ్డ దగ్గు వినపడితే గంప దించేది. ఆటోను కావాలనే గంగాధరం గది ముందు నుంచి పోనిచ్చి, అక్కడ హారన్ కొట్టించేది. లోపల అతను పళ్ళు నూరుతుంటే ఆమెకు కడుపు నిండేది. రెండు చలికాలాలకు అతని దగ్గర పెద్దవాళ్ళ ఒళ్ళునొప్పులే మిగిలాయి.

పోయిన డిసెంబరులో ఒక ఉదయం, వేలంపాట మధ్యలో గంగాధరం భార్య వెంకటశేషమ్మ పరుగున వచ్చింది. చంకలో నాలుగు నెలల మనవడు. వెనకే గంగాధరం.

"పేరమ్మక్కా, బిడ్డను చూడు! ఈయన సూదంటాడు, నేను పొడవనియ్యలా."

పేరమ్మ చూసింది. లెక్కతో పని లేదు, పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి. వెంటనే ఆటోను కేకేసింది. అది రోడ్డు మీద నుంచి ఇసుకలోకి రావడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం తనది అనుకుంది.

"గంగాధరం," అంది పేరుపెట్టి. "ఈ ఫోను పట్టుకో. నువ్వే లెక్కపెట్టు. అందరికీ ఇనపడాల."

పాట ఆగిపోయింది. ఒడ్డంతా చూస్తుండగా అతను ఒకటి, రెండు అని మొదలుపెట్టాడు. నలభై దగ్గర ఆపబోయాడు.

"ఆపబాక," అంది పేరమ్మ.

నిమిషం నిండేసరికి అరవై రెండు.

"ఆ పొద్దు నా చిట్టికి ఎంతుండిందో తెలుసా నీకు?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"నాకూ తెలవదు. ఎవురూ లెక్కపెట్టలా."

ఆటో వచ్చింది. వెంకటశేషమ్మను, బిడ్డను ఎక్కించి తనూ ఎక్కింది. గంగాధరం ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు బస్సులో రా" అంది. అయిదు రోజులు ఆక్సిజన్ మీద ఉండి పిల్లవాడు కోలుకున్నాడు.

"ఇంకన్నా ఆ హారన్ మానుకోరాదా మా?" అని అడిగింది ఉష.

"వాడి మనవడు ఇంటికొచ్చినాడు," అంది పేరమ్మ. "నా చిట్టి రాలా."

ఇప్పటికీ ఆ గది ముందు ఆటో హారన్ కొట్టే పోతుంది.