గాజులు మోగని మూడు రోజులు

ఆ సోమవారం పొద్దున్న మా అమ్మాయి సుజాత వంటింట్లో దోసెల పిండి కలుపుతోంది. నేను హాల్లో కూర్చుని కాఫీ తాగుతున్నాను. ఏదో తేడాగా అనిపించింది. అంతకు ముందు తొమ్మిది రోజులుగా ఆ ఇంట్లో సుజాత ఏ పని చేసినా చేతులు గలగలమనేవి. శ్రీమంతంలో రెండు చేతులకీ నిండుగా తొడిగిన మట్టిగాజులు. ఇప్పుడు గరిటె తిరుగుతోంది, గాజులు మోగడం లేదు. క్షణంలో నాకు అర్థమైపోయింది: ఇది ప్రీ ఎక్లాంప్సియా. కాఫీ గ్లాసు పక్కన పడేసి, అంబులెన్సు పిలిచి, తల్లినీ బిడ్డనీ కాపాడాను.

ఆస్ట్రేలియాలో మా అమ్మాయి ఉండే స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో చెరువు చుట్టూ వాకింగుకి వచ్చే మనవాళ్ళందరికీ నేను చెప్పిన కథ ఇది. చెప్పిన ప్రతిసారీ అంబులెన్సు ఇంకో రెండు నిమిషాలు ముందే వచ్చేది. ఇక్కడ మాత్రం జరిగింది రాస్తాను. గాజులు మోగడం లేదని సోమవారమే గమనించిన మాట నిజం. అంబులెన్సు వచ్చింది బుధవారం. పిలిచింది నేను కాదు. కడుపుతో ఉన్నవాళ్ళకి బీపీ పెరిగి ముదిరే ఆ జబ్బు పేరు కూడా నేను ఆస్పత్రిలోనే మొదటిసారి విన్నాను.

నేను తెనాలిలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. వయసు డెబ్బై మూడు. పార్కులో ఎనభై అని చెబుతాను, చూసినవాళ్ళు మెచ్చుకుంటారని. సుజాతకి అప్పుడు నలభై ఒకటి. పెద్ద మనవరాలు అనూష తెనాలిలో పుట్టింది, దానికి పదహారు. ఈ పదహారేళ్ళలో సుజాతకి చదువు, వీసా, ఇల్లు, ఉద్యోగం. రెండుసార్లు కడుపు నిలవలేదు కూడా. ఇక లేదనుకుని ఉయ్యాల ఎవరికో ఇచ్చేశాక మళ్ళీ నెల తప్పింది. అల్లుడు రవి గనుల్లో పని చేస్తాడు, రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇంట్లో. మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయి విమానం ఎక్కలేని పరిస్థితి. చెల్లెలి దగ్గర ఉండి ఫోన్లోనే పెత్తనం. అందుకని పురుటి సాయానికి నేను బయల్దేరాను.

"మీరు వెళ్ళి ఏం చేస్తారండీ, పురుడు పోస్తారా?" అంది మా ఆవిడ.

"బస్సులో రెండు కాన్పులు చూసినవాణ్ణి" అన్నాను.

చూసింది ఒకటే. అదీ కండక్టరు చూశాడు. నేను దిగి బస్సు వెనకాల నిలబడ్డాను.

వచ్చిన వారానికే ఇక్కడి మాటలు నా చెవిన పడ్డాయి. గుడిలో పద్మ అనే ఆవిడ ప్రసాదం చేతిలో పెడుతూనే అడిగింది. "ఈ ఏజ్‌లో రిస్క్ కదా అంకుల్? పదహారేళ్ళ పిల్ల ఇంట్లో ఉండగా... అనూష ఫీల్ అవదూ?"

"కనేది మా అమ్మాయి కదమ్మా, నొప్పులు మీకొస్తున్నాయేంటి?" అన్నాను. అక్కడున్న నలుగురూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా తలకెక్కింది.

డాక్టరు మాత్రం భయపెట్టలేదు, దాచనూ లేదు. "సిక్స్‌టీన్ ఇయర్స్ గ్యాప్ ఈజ్ లాంగ్. వీ వాచ్ యూ లైక్ ఎ ఫస్ట్ ప్రెగ్నెన్సీ" అందిట మొదటి విజిట్‌లోనే. ఒకసారి సుఖంగా కన్నాం కదా అని ధీమా పనికిరాదని దాని అర్థం. రోజూ చిన్న మోతాదు యాస్పిరిన్ వేసుకోమంది. తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళ ముందు మెరుపులు వచ్చినా, మొహం, చేతులు ఉబ్బినా ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యమని ఒక కాగితం ఇచ్చింది. అనూష దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. రోజూ పెరుగు తీసుకోవడానికి ఆ తలుపు తీసేవాణ్ణి. ఒక్కరోజూ చదవలేదు.

ముప్పై రెండో వారంలో పెరట్లో శ్రీమంతం చేశాం. పద్మతో సహా అందరూ వచ్చారు. గాజులు తెనాలి నుంచి నేనే మోసుకొచ్చాను, ఒక్కటి కూడా పగలకుండా. (ఏడు పగిలాయి.) తొడగడం అయ్యాక కుర్చీలోంచి లేచి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. "మా అమ్మాయి బీపీ, షుగరు ఇరవయ్యేళ్ళ పిల్లకి ఉన్నట్టున్నాయి. అనుమానం ఉన్నవాళ్ళు రిపోర్టులు చూసుకోవచ్చు." అంతటితో ఆగలేదు. "ఈ గాజులు కాన్పయ్యేదాకా తియ్యకూడదు. వాళ్ళమ్మ తియ్యలేదు" అన్నాను, అదేదో నా కళ్ళతో చూసినట్టు.

ఇక ఆ సోమవారం. గాజులు మణికట్టు కండలోకి దిగిపోయి ఉన్నాయి.

"నీరు పట్టింది నాన్నా. అందరికీ పడుతుందిగా" అంది సుజాత.

"మీ అమ్మకీ పట్టింది" అన్నాను. పట్టిందో లేదో నాకు తెలియదు. సుజాత పుట్టినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను.

మంగళవారం తలనొప్పి అంది. నుదుటికి బామ్ రాశాను. అనూష స్కూల్ నుంచి వచ్చి వాళ్ళమ్మని ఒక్క నిమిషం తేరిపార చూసింది. "తాతయ్యా, హర్ ఫేస్ లుక్స్ రియల్లీ పఫ్ఫీ. షల్ ఐ కాల్ ద నంబర్?"

"గురువారం ఎలాగూ క్లినిక్‌కి వెళ్ళాలిగా. కంగారెందుకు?"

"దెన్ చెక్ హర్ బీపీ ఎట్ లీస్ట్."

నా పెట్టెలో బీపీ మెషీన్ ఉంది. నాకూ బీపీ ఉంది లెండి. సుజాత కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. పట్టీ బిగిసింది, వదిలింది. నూట యాభై ఆరు, తొంభై ఎనిమిది. బ్యాటరీ అయిపోయిందేమో అనుకున్నాను. మళ్ళీ చూశాను. అంతే.

"ఎంత నాన్నా?"

"నూట ముప్పై. పడుకో."

ఎందుకలా అన్నానో అప్పటి నుంచి చాలాసార్లు నన్ను నేను అడుక్కున్నాను. సుజాత కంగారు పడుతుందని అన్నానని రవికి చెప్పాను. అది సగం. మిగతా సగం ఇది: ఆ అంకె చూడగానే నా కళ్ళ ముందు పద్మ మొహం కనబడింది. 'నేను అప్పుడే చెప్పలేదా అంకుల్' అన్నట్టు. అంతమందిలో రొమ్ము విరుచుకుని రిపోర్టులు చూసుకోమన్నవాణ్ణి. ఆ మాట నిలబెట్టుకోవడానికి రెండు రోజులు, గురువారం దాకా, నా కూతుర్ని అడ్డం పెట్టాను.

బుధవారం మధ్యాహ్నం నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. లోపలి నుంచి అనూష కేక. సుజాత సోఫాలో ముడుచుకుని కూర్చుంది. కళ్ళ ముందు చుక్కలు మెరుస్తున్నాయంటోంది. కుడి పక్కన డొక్కలో నొప్పి. అనూష అప్పటికే మెషీన్ పెట్టేసింది. నూట డెబ్బై నాలుగు, నూట పన్నెండు. ఫ్రిజ్ మీది నంబరుకి ఫోన్ చేసి, అంకెలు గట్టిగా చదివింది. కదలకండి, అంబులెన్సు పంపుతున్నాం అన్నారు వాళ్ళు.

"తాతయ్యా, యూ సెడ్ ఇట్ వాజ్ ఫైన్" అంది అనూష. నేను చేతిలో ఉన్న క్లిప్పులు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

ఆస్పత్రిలో యూరిన్‌లో ప్రోటీన్ ఎక్కువగా ఉందన్నారు. రక్తం తీశారు. పొట్టకి బెల్టులు కట్టి సీటీజీ పెట్టారు. బిడ్డ గుండె చప్పుడు గది అంతా వినిపిస్తోంది, గుర్రం పరిగెత్తినట్టు. మందు ఎక్కించడానికి చేతికి కాన్యులా సూది పెట్టాలి, గాజులు అడ్డం. కాన్పులు చూసే నర్సు, మిడ్‌వైఫ్ అంటారిక్కడ, చిన్న కటింగ్ ప్లేయరు పట్టుకుని వచ్చింది.

నాకు నోరు ఊరుకోలేదు. "సిస్టర్, నాట్ బిఫోర్ బేబీ. అవర్ కస్టమ్."

"ఐ హియర్ యూ, గ్రాండ్‌పా. బట్ హర్ హ్యాండ్ కమ్స్ ఫస్ట్" అందావిడ.

సుజాత నా వైపు చూడకుండానే చెయ్యి చాపింది. "ప్లీజ్ టేక్ దెమ్ ఆఫ్. నాన్నా, నువ్వు అటు తిరుగు."

గాజుల కింద దూది దూర్చి, ఒక్కొక్కటే చిట్లగొట్టారు. ముక్కలు స్టీలు గిన్నెలో పడుతుంటే మూడు రోజుల తరవాత మళ్ళీ ఆ చప్పుడు విన్నాను.

అప్పుడు ఆస్పత్రి డాక్టరు వచ్చింది, కుర్రది, అనూష కంటే పదేళ్ళు పెద్దదేమో. "వెన్ డిడ్ దిస్ స్టార్ట్? ఎనీ రీడింగ్స్ బిఫోర్ టుడే?"

"యెస్టర్‌డే వన్ థర్టీ. మై డాడ్ చెక్డ్" అంది సుజాత.

డాక్టరు రాసుకోబోతోంది. నా బతుకులో వందల అబద్ధాలు ఆడాను, అన్నీ నవ్వించినవే. ఈ ఒక్కటి మాత్రం కాగితం మీదకి ఎక్కబోతోంది.

"నో" అన్నాను. "నాట్ వన్ థర్టీ. వన్ ఫిఫ్టీ సిక్స్. నైంటీ ఎయిట్. టూ టైమ్స్ ఐ చెక్డ్. ఐ టోల్డ్ రాంగ్. అండ్ స్వెల్లింగ్ ఫ్రమ్ మండే."

డాక్టరు నన్ను తిట్టలేదు. "థాంక్యూ ఫర్ టెల్లింగ్ మీ. దట్ హెల్ప్స్" అని దిద్దుకుని రాసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

"అబద్ధం చెప్పావా నాన్నా?" అంది సుజాత. తరవాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ప్రీ ఎక్లాంప్సియా, సివియర్. "ద ఓన్లీ క్యూర్ ఈజ్ డెలివరీ. వీ ఆర్ బయింగ్ టైమ్ ఫర్ ద బేబీస్ లంగ్స్" అన్నారు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం డ్రిప్పు. అది ఎక్కుతుంటే ఒళ్ళంతా మంటలంది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు రెండు. బీపీకి మాత్రలు. గురువారం రవి విమానం దిగి బూట్లకి గని ఎర్రమట్టితోనే వచ్చాడు. శుక్రవారం పొద్దున్న ప్లేట్‌లెట్స్ పడిపోతున్నాయని సిజేరియన్‌కి తీసుకెళ్ళారు. ఆ సమయంలో నేను థియేటర్ తలుపు దగ్గర ధైర్యంగా నిలబడ్డానని పార్కులో చెప్పాను. నిజానికి కింద క్యాంటీన్‌లో కూర్చుని, అనూష కొనిచ్చిన మఫిన్ని కాగితంతో సహా కొరికాను.

పాప. కిలో తొమ్మిది వందలు. ఏడ్చిందట, గట్టిగా. స్పెషల్ కేర్ నర్సరీలో అద్దాల పెట్టెలో పెట్టారు.

ఆ సాయంత్రం మా ఆవిడకి వీడియో కాల్ చేశాను. గాజులు పగలగొట్టేశారే, నా చేతకానితనం వల్లే అని చెప్పుకుని ఏడిచాను.

"ఎవరు చెప్పారండీ మీకు, తియ్యకూడదని? సుజాత కడుపులో ఉన్నప్పుడు నాకు చేతులు ఉబ్బితే మా అమ్మే సబ్బు రాసి లాగేసింది. దిండు కింద పెట్టుకున్నా. ఆడాళ్ళ సంగతులు మీరెప్పుడు చూశారు కనక?"

సుజాత పక్క మంచం మీద నుంచి వింటోంది. మొదటిసారి నవ్వింది. కుట్లు నొప్పెట్టి, నవ్వలేక నన్ను తిట్టింది. మళ్ళీ నాతో మాట్లాడింది అప్పుడే.

పుట్టేసింది కదా, జబ్బు పోయినట్టే అనుకున్నాం. పోలేదు. పాప ఇంకా నర్సరీలోనే ఉంది, సుజాత ఇంటికొచ్చిన నాలుగో రోజు టీ వేళకి మళ్ళీ తల బరువన్నది. నేనే పట్టీ చుట్టాను. నూట అరవై రెండు, నూట నాలుగు. ఈసారి అంకెలు పైకి చదివాను, వీధిలోకి వినబడేలా. ఫ్రిజ్ మీది నంబరుకి నేనే చేశాను. నా ఇంగ్లీషు వాళ్ళకి అర్థమైంది. అంకెలకి గ్రామరు అక్కర్లేదు. "బ్రింగ్ హర్ ఇన్ నౌ" అన్నారు. రెండు రోజులు ఉంచుకుని మాత్రలు మార్చి పంపారు.

ఇప్పుడు పాపకి ఎనిమిది నెలలు. నాలుగు పళ్ళు. (రెండు.) సుజాతకి మాత్రలు ఆపేశారు గానీ, ఏటా బీపీ చూపించుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పింది. అనూష చెల్లెల్ని చంకనేసుకునే ఇంగ్లీషు ఎస్సేలు రాస్తోంది. ఫీల్ అవుతోందో లేదో పద్మ వచ్చి చూసుకోవచ్చు. వచ్చింది కూడా, పాపకి స్వెట్టర్ అల్లి పట్టుకొచ్చింది. "చాలా రిస్క్ అయిందట కదా అంకుల్" అంది. అయింది అన్నాను. ఎందుకైందో కూడా చెప్పాను, 156 దగ్గర నుంచి. "రిస్కు నలభై ఒకటిలో లేదమ్మా, నా నోట్లో ఉంది. మా అమ్మాయి కనింది. ఎవరి ముందూ తల దించుకోదు. దించుకోవలసింది నేను, దించేశాను, అయిపోయింది. టీ తాగుతావా?"

చాలాకాలం తరవాత మళ్ళీ తల్లి కాబోతున్నవాళ్ళకి, వాళ్ళని చూసుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇంట్లో బీపీ మెషీన్ పెట్టుకోండి, అందులో వచ్చిన అంకెని వచ్చినట్టే పైకి చదవండి, ఎక్కువుంటే క్లినిక్ రోజు దాకా ఆగకుండా ఆ గంటే ఫోన్ చెయ్యండి. గాజులు మళ్ళీ కొనుక్కోవచ్చు.

ఆదివారం పొద్దున్న కాఫీ అయ్యాక సుజాత నా ఎదురుగా కూర్చుని చెయ్యి చాపుతుంది. ఆ చేతికి నాలుగు కొత్త గాజులు. పాప వాటిని లాగుతుంటే గలగలమంటాయి. పట్టీ బిగుస్తుంది, వదులుతుంది.

"గట్టిగా చదువు నాన్నా" అంటుంది.

నూట పద్దెనిమిది, డెబ్బై ఆరు. కలపకుండా, తగ్గించకుండా చదువుతాను.